కొత్త తాళం, పాత చాబీ



వడ్ల సీజన్‌లో మిర్యాలగూడ మిల్లుల ముందు లారీలు, డీసీఎంలు, టాటా ఏస్‌లు బారులు తీరి ఉంటాయి. వాటిలో కాస్త వయసు మీరిన బండ్ల చాబీల గుత్తి ఒకసారి గమనించండి. తలుపుకు ఒక చాబీ, ఇంజన్ స్టార్ట్ చేయడానికి ఇంకొకటి, డీజిల్ ట్యాంకు మూతకు మరొకటి. కంపెనీ గేటు దాటిన రోజున ఆ బండికి ఉన్నది బహుశా ఒక్కటే చాబీ. నడుమ ఎప్పుడో స్టీరింగు దగ్గరి తాళం అరిగి మొరాయించింది. మెకానిక్ కొత్తది బిగించాడు. కొత్త తాళంతోపాటు కొత్త చాబీ వచ్చింది, తలుపు తాళం మాత్రం పాతదే ఉండిపోయింది. యజమాని కూడా ఇది మామూలే అనుకొని ఊరుకున్నాడు. ఈ ప్రసంగంలో నేను వాదించేది ఈ ఊరుకోవడం గురించే. తాళం పాడైతే తాళం మార్చాలి, చాబీని మార్చే పని లేదు. కొత్త తాళాన్ని పాత చాబీకి కుదర్చవచ్చు, కుదర్చాలి కూడా. ఇదేమీ షోరూం వాళ్ల రహస్య విద్య కాదు. నల్లగొండలోనో మహబూబ్‌నగర్‌లోనో చేయి తిరిగిన తాళాల పనివాడు ఒక పూటలో చేసి ఇవ్వగల పని.

ఒకప్పుడు ఈ ప్రశ్నకు ఇంత బరువు లేదు. 1954లో టాటాలు జర్మనీ డైమ్లర్-బెంజ్‌తో పొత్తు పెట్టుకొని జంషెడ్‌పూర్‌లో లారీల తయారీ మొదలుపెట్టారు. ఆ తరం డీజిల్ ఇంజన్‌కు చాబీతో పెద్ద బంధం లేదు. పెట్రోలు మండాలంటే నిప్పురవ్వ కావాలి, నిప్పురవ్వకు కరెంటు కావాలి. డీజిల్‌కు ఆ అవసరం లేదు, సిలిండర్‌లో గాలిని గట్టిగా అదిమినప్పుడు పుట్టే వేడికే అది అంటుకుంటుంది. అందుకే ఇంజన్ ఒకసారి అందుకున్నదంటే చాబీ పీకేసినా అది నడుస్తూనే ఉండేది. ఆపాలంటే స్టాప్ నాబ్ లాగవలసిందే. 1980లలో జపాన్ పొత్తుతో చిన్న లారీలు వచ్చాయి. టయోటాతో డీసీఎం జతకట్టింది, నిస్సాన్‌తో మన హైదరాబాద్ ఆల్విన్ జతకట్టింది. ఆల్విన్ నిస్సాన్ ఫ్యాక్టరీ జహీరాబాద్‌లో ఉండేది, ఆ తర్వాత మహీంద్రా చేతికి వెళ్లింది. డీసీఎం కంపెనీ పొత్తు ఎప్పుడో ముగిసినా మహబూబ్‌నగర్‌లో ఇవాళ్టికీ మధ్యరకం లారీ ఏదైనా డీసీఎమ్మే. 1986లో టాటా 407, 2005లో టాటా ఏస్ వచ్చాయి. చిన్న బండ్లు కారు పోకడలు పట్టేకొద్దీ స్టీరింగును బిగించే తాళం, కరెంటు స్విచ్చు, తలుపు తాళం అన్నీ ఒకే చాబీ కిందికి చేరాయి. 2017 ఏప్రిల్ నుంచి దేశమంతటా బీఎస్-4, 2020 ఏప్రిల్ నుంచి బీఎస్-6 నిబంధనలు వచ్చాక డీజిల్ ఎప్పుడు, ఎంత చిమ్మాలో కంప్యూటరే నిర్ణయిస్తున్నది. ఆ కంప్యూటర్‌కు కరెంటు అందేది చాబీ తిప్పితేనే. అంటే ఒకప్పుడు పేరుకు ఉన్న తాళం ఇప్పుడు బండి మొత్తానికీ గుత్తాధిపతి అయి కూర్చుంది.

ఇక తాళం లోపల ఏముందో చూద్దాం. ఇంటి తలుపుల తాళాల్లో, ముఖ్యంగా 1861లో అమెరికాలో లైనస్ యేల్ పేటెంటు తీసుకున్న రకంలో, చిన్న చిన్న లోహపు పుల్లలు ఉంటాయి. బండి తాళాల్లో ఎక్కువగా కనిపించేవి పుల్లలు కావు, పలచటి ఇత్తడి రేకులు. ఈ రేకుల తాళానికి 1868లో ఫైలో ఫెల్టర్ పేటెంటు పొందాడు. నిర్మాణంలో పెద్ద చిక్కు లేదు. బయట కదలని గూడు, లోపల తిరిగే బ్యారెల్. బ్యారెల్‌కు అడ్డంగా కోసిన సన్నని గాళ్లలో రేకులు వరసగా కూర్చుంటాయి. ఒక్కొక్క రేకు వెనక వెంట్రుక మందాన చుట్టిన స్ప్రింగు దాన్ని బయటికి నెడుతూ ఉంటుంది. చాబీ లేనప్పుడు రేకుల కొసలు గూటి గాడిలోకి పొడుచుకొని బ్యారెల్‌ను తిరగనివ్వవు. రేకు నడుమ చిన్న కిటికీలాంటి రంధ్రం ఉంటుంది, చాబీ అందులోంచే దూరిపోతుంది. ఆ రంధ్రం ఒక రేకులో కాస్త పైన, మరో రేకులో కాస్త కింద ఉంటుంది. చాబీ మీద గాట్లు ఏ లోతున ఉన్నాయో రేకులూ ఆ వరసలోనే ఉంటే అన్నీ ఒక్కసారిగా బ్యారెల్ లోపలికి సర్దుకుంటాయి, అప్పుడే బ్యారెల్ తిరుగుతుంది. ఇక్కడే నా వాదానికి మూలం దొరుకుతుంది. గూడు, బ్యారెల్ అందరికీ ఒకటే. నీ బండిని నా బండి నుంచి వేరు చేసేది ఆ నాలుగు పైసల రేకుల వరస ఒక్కటే. తాళం కొత్తదైనా వరస పాతదే పెట్టుకోవచ్చు.

పని ఎట్లా జరుగుతుందంటే, ముందు కొత్త తాళంతో వచ్చిన చాబీ పెట్టి మొదటి మెట్టు దాకా తిప్పాలి. చాలా తాళాల్లో అప్పుడు పక్కనున్న చిన్న రంధ్రానికి ఎదురుగా ఒక గుబ్బ వస్తుంది. సన్నని తీగతో దాన్ని నొక్కితే బ్యారెల్ బయటికి జారుతుంది. అందుకే కొత్త చాబీ ఎట్లాగూ వాడబోము కదా అని ముందే పారేయకూడదు. బ్యారెల్ చేతికి వచ్చాక అందులో పాత చాబీ దూర్చి వెలుతురులో పట్టి చూస్తే సంగతంతా కంటికే కనబడుతుంది. కొన్ని రేకులు బ్యారెల్ ఒంటికి సమంగా కూర్చుంటాయి, వాటి జోలికి పోనక్కరలేదు. కొన్ని పైకో కిందికో పొడుచుకొని ఉంటాయి. వాటిని మాత్రం తీసి, సరిపడే లోతున్న రేకులు వేయాలి. చాలా కంపెనీల రేకుల మీద 1, 2, 3, 4 అని లోతు అంకె ముద్రించి ఉంటుంది. విప్పేటప్పుడు స్ప్రింగులు ఎగిరిపోతాయి గనుక కింద తెల్లగుడ్డ పరచుకున్నవాడే తెలివైన పనివాడు. కావలసిన రేకులు తాళాల పనివాడి డబ్బాలో ఉండవచ్చు. లేకపోతే పాత తాళమే ఉంది కదా, దాని రేకులు మరీ అరగకపోతే వాటినే మార్చి వేయవచ్చు. ఒక్క షరతు మాత్రం ఉంది. పాత చాబీ కొత్త తాళంలోకి మొదలంటా దూరాలి. చాబీ పక్కన పొడుగునా ఉండే గాడి కంపెనీకొక తీరుగా ఉంటుంది. ఆ గాడి కలవకపోతే ఏ రేకులు మార్చినా లాభం లేదు. కాబట్టి స్పేర్‌పార్టుల షాపుకు పాత చాబీ వెంట తీసుకెళ్లి, డబ్బు కట్టకముందే దూర్చి చూడాలి. మొదలంటా దూరి తిరగకపోతే మంచిదే, అది రేకుల తేడా. సగంలో ఆగితే ఆ తాళం మీకు పనికిరాదు, అక్కడే వాపస్ ఇచ్చేయండి.

ఈ పనిని తేలిక చేయబోయి చెడగొట్టే పద్ధతులు రెండున్నాయి. పొడుచుకొచ్చిన రేకుల కొసలను ఆకురాయితో అరగదీసి సమం చేయడం ఒకటి. ఆ రేకులను తీసి పారేయడం రెండోది. రెంటిలోనూ చాబీ తిరుగుతుంది, యజమాని సంతోషిస్తాడు. కానీ లెక్క కట్టి చూడండి. ఎనిమిది రేకులు, ఒక్కొక్కదానికి నాలుగు లోతులు అనుకుంటే నాలుగును ఎనిమిదిసార్లు హెచ్చవేయాలి. 65,536 వరసలు వస్తాయి. గాట్లన్నీ ఒకే లోతున ఉండే వరసల్లాంటివి కంపెనీలు వాడవు గనుక నిజంగా వాడేవి ఇంతకంటే తక్కువే. అయినా ఒక్కో రేకు తీసేకొద్దీ ఈ సంఖ్య నాలుగో వంతుకు పడిపోతుంది. అయిదు రేకులు తీసేస్తే మిగిలిన మూడింటికి 64 వరసలే. అంటే అదే కంపెనీ బండ్లు వంద నిలబడ్డ చోట మీ బండికి పట్టే పరాయి చాబీ దొరకడం వింతేమీ కాదు. ఇనుప తలుపు పెట్టించి గడియకు పురికొస కట్టినట్టు ఉంటుంది ఈ పని. రేకులు తీయించుకున్నవారికి ఈ సంగతి తెలిసి ఉండదు. చేసినవాడు చెప్పడు కూడా, ఎందుకంటే చాబీ నున్నగా తిరుగుతున్నది. పని అయ్యాక తేల్చుకోవడానికి ఒక తేలిక పరీక్ష ఉంది. అదే గాడి ఉన్న వేరే బండి చాబీ ఏదైనా దూర్చి తిప్పి చూడండి. తిరిగితే పనివాడు రేకులు తీసేశాడనో, అరగదీశాడనో అనుమానించవచ్చు.

రెండు చాబీలుంటే నష్టమేమిటి, ఇంకా భద్రం కదా అని అడిగేవారున్నారు. ఈ మాటలో కొంత నిజం ఉంది, కొట్టిపారేయలేము. అమెరికాలో జనరల్ మోటార్స్ కార్లకు చాలా ఏళ్లపాటు ఇంజన్‌కు ఒక చాబీ, తలుపులకు వేరొక చాబీ కావాలనే ఇచ్చేవారు. కారు పార్క్ చేసేవాడికి ఒకటి ఇచ్చి రెండోది దగ్గర పెట్టుకునే వీలు కోసం. మన దగ్గరా మిల్లు ఆవరణలో రాత్రి పడుకునే క్లీనర్‌కు తలుపు చాబీ ఒక్కటే ఇవ్వగలిగితే మంచిదే. కానీ అట్లా విడదీసి పెట్టుకునేవారు ఎందరు? రెండూ ఒకే గుత్తికి వేలాడతాయి. పోతే రెండూ కలిసే పోతాయి. భద్రత పెరగకపోగా గుత్తి బరువు పెరుగుతుంది. ఆ బరువు, గుంతల రోడ్ల మీద ఊపు కలిసి తాళాన్ని లోపలి నుంచి తింటాయి. గుత్తి బరువు మాట తేలికగా తీసుకునేది కాదు. 2014లో జనరల్ మోటార్స్ అమెరికాలోనూ ఇతర చోట్లా సుమారు 26 లక్షల చిన్న కార్లను వెనక్కి పిలిపించవలసి వచ్చింది. వాటిలో తాళం వెనకుండే స్విచ్చు బిగువు చాలక, గుత్తి బరువుకో కుదుపుకో నడుస్తున్న బండిలోనే చాబీ వెనక్కి జారేది. ఇంజన్ ఆగిపోయేది, స్టీరింగు బరువెక్కేది, ఎయిర్‌బ్యాగులు తెరుచుకునేవి కావు. పరిహార నిధి ఒప్పుకున్న మరణాలే 124. ఆ లోపం స్విచ్చుది, మనం మాట్లాడుతున్నది తాళం. అయినా గుత్తికి మూడు చాబీలు, రెండు తాయెత్తులు, ఒక బాటిల్ ఓపెనర్ తగిలించుకొని నార్కెట్‌పల్లి-అద్దంకి రోడ్డు మీద సిమెంటు లోడు తోలేవారికి ఈ కథ తెలిసి ఉండాలి.

ఇంతకంటే గట్టి అభ్యంతరం ఒకటుంది. పదేళ్లు అరిగిన పాత చాబీకి కొత్త తాళాన్ని కుదిర్చితే అరుగుదలనే కొత్త తాళానికి అంటగట్టినట్టు కాదా? అవును, అట్లాగే అవుతుంది. అరిగిన చాబీని చూసి తీసిన నకలు అరుగుదలతో సహా నకలే. అందుకే కొలత తీసుకోవలసింది రోజూ వాడిన చాబీ నుంచి కాదు. ఇంట్లో బీరువాలో పడి ఉన్న రెండో చాబీ ఉంటే అదే ప్రమాణం. అది లేకపోతే కొన్ని బండ్లలో తలుపు తాళం మీదో, కొన్నప్పుడు చాబీతో వచ్చిన రేకుబిళ్ల మీదో కోడ్ నంబరు ఉంటుంది, ఆ నంబరుతో కొత్త చాబీ కోయించుకోవచ్చు. అదీ లేకపోతే క్లీనర్ వైపు తలుపు తాళం విప్పండి. డ్రైవర్ తన తలుపు తీసి ఎక్కుతాడు, క్లీనర్ వైపు తలుపు లోపలి నుంచి తీస్తాడు. కాబట్టి ఎడమ తలుపు తాళంలో చాబీ తిరిగిన సందర్భాలు చాలా తక్కువ, దాని రేకులు కొత్తవాటిలాగే ఉంటాయి. వాటి అంకెలు వరసగా రాసుకుంటే బండి అసలు వరస దొరికినట్టే. జాగ్రత్త ఒక్కటే, కొన్ని కంపెనీల తలుపు తాళంలో ఇంజన్ తాళంకన్నా తక్కువ రేకులుంటాయి. మిగతా గాట్ల లోతు పాత ఇంజన్ తాళం విప్పి తెలుసుకోవాలి. ఈ వరస ప్రకారం ముందు ఒక శుభ్రమైన చాబీ కోయించి, దానికి కొత్త తాళం కుదిర్చితే అభ్యంతరం తీరిపోతుంది.

మొత్తం సెట్టే మార్చేస్తే పోలేదా అని కొందరంటారు. ఇంజన్ తాళం, రెండు తలుపుల తాళాలు, ట్యాంకు మూత, రెండు చాబీలు ఒకే డబ్బాలో దొరుకుతాయి. చాబీ పోయినప్పుడు, ఎవరో కాజేశారని అనుమానం ఉన్నప్పుడు, మానేసిన యాక్టింగ్ డ్రైవర్ చాబీ తిరిగి ఇవ్వనప్పుడు ఇదే సరైన దారి, నేనూ అదే చెబుతాను. అలాంటప్పుడు కొత్త తాళాన్ని పాత చాబీకి కుదర్చడం దొంగకు తలుపు తెరిచి పెట్టడమే. కానీ తాళం అరుగుదలతో చెడిపోయి చాబీలు రెండూ మన చేతిలోనే ఉన్నప్పుడు బాగున్న మూడు తాళాలను పీకి పారేయడం దండగ. తలుపుల ప్యాడ్లు విప్పాలి, క్లిప్పులు విరుగుతాయి, మజూరీ పెరుగుతుంది. పైగా బీమా సంగతి ఉంది. బండి దొంగతనం జరిగిందని క్లెయిముకు వెళితే కంపెనీవారు ముందుగా అడిగేవాటిలో బండి చాబీలు ఉంటాయి. కంపెనీ ఇచ్చిన రెండు చాబీలూ ఇప్పటికీ అదే బండికి పనిచేస్తున్నాయని చూపగలిగినవాడికి జవాబు చెప్పుకోవడం తేలిక. తలుపు చాబీ ఒకటి, ఇంజన్ చాబీ ఇంకొకటి, ఒకదానికి జత లేదు అంటే ప్రశ్నలు మొదలవుతాయి. ఏ తాళం మార్చినా బిల్లు దాచుకోవాలి, దాని మీద బండి నంబరు రాయించుకోవాలి.

చాబీ తలలో చిప్ ఉన్న బండ్లకు ఈ మాట వర్తించదు కదా అనవచ్చు. నిజానికి వాటికే ఇది ఇంకా బాగా వర్తిస్తుంది. యూరప్‌లో 1998 నుంచి కొత్త కార్లకు చిప్‌తో ఇంజన్‌ను కట్టేసే ఏర్పాటు తప్పనిసరి చేశారు. ఇక్కడా కొత్త బండ్లలో అది కనిపిస్తున్నది. తాళం నోటి చుట్టూ ఉండే తీగచుట్ట చిప్‌ను పలకరిస్తుంది, జవాబు సరిగా వస్తేనే కంప్యూటర్ డీజిల్ వదులుతుంది. కొత్త తాళంతో వచ్చిన మామూలు చాబీకి చిప్ ఉండదు. సెల్ఫ్ తిరిగినా ఇంజన్ నిలబడదు. పాత చాబీకే తాళాన్ని కుదిర్చి, తీగచుట్టను జాగ్రత్తగా కొత్త తాళం మీదికి మార్చుకుంటే షోరూంలో కంప్యూటర్‌కు మళ్లీ పరిచయం చేయించే ఖర్చు తప్పుతుంది.

అసలు తాళం మార్చవలసిన అవసరం ఉందో లేదో ముందు తేల్చుకోవాలని కూడా చెప్పాలి. చాబీ సాఫీగా తిరిగి సెల్ఫ్ మాత్రం పలకకపోతే తప్పు తాళానిది కాదు. బ్యాటరీ టెర్మినల్, రిలే, తాళం వెనకుండే కరెంటు స్విచ్చు చూడాలి. ఆ స్విచ్చు చాలా బండ్లలో విడిగా దొరుకుతుంది. చాబీ తిరగకపోతే స్టీరింగును కాస్త అటూ ఇటూ కదిపి చూడాలి. ముందు టైరు రాయికి ఒరిగి ఉంటే స్టీరింగు బిగించే కడ్డీ మీద ఒత్తిడి పడి తాళం పట్టేసినట్టు కనబడుతుంది. దుమ్ము మరో శత్రువు. క్రషర్ల పొడి, మొరం రోడ్ల ఎర్రమన్ను, మిల్లుల ఊక నల్లగొండ, మహబూబ్‌నగర్ జిల్లాల్లో తాళాల్లోకి చేరుతూనే ఉంటాయి. బిగుసుకుంది కదా అని ఇంజన్ ఆయిలో డీజిలో పోస్తే ఆ రోజుకు తిరుగుతుంది, తర్వాత ఆ జిడ్డుకు దుమ్ము అంటుకొని ముద్దకట్టి రేకులను కదలనివ్వదు. గ్రాఫైట్ పొడి, అంటే పెన్సిల్ ములుకులో ఉండే నల్లపొడి, చిటికెడు చాలు. బిగించేటప్పుడు బ్యాటరీ మైనస్ తీగ విప్పడం మరవొద్దు. పెద్ద లారీల్లో 24 వోల్టుల కరెంటు, అది నేరుగా ఆ స్విచ్చుకే వస్తుంది. తాళం గూడు మొత్తం మార్చవలసి వస్తే దాన్ని పట్టి ఉంచే బోల్టులు బిగించగానే తల తెగిపోయే రకం, దొంగ విప్పకుండా పెట్టినవి. వాటి స్థానంలో మామూలు బోల్టులు వేసి సరే అనిపించుకునే మెకానిక్‌ను నమ్మకండి. పని పూర్తయ్యాక బండి కదలకముందే చాబీ ఆన్‌లో పెట్టి స్టీరింగును రెండు వైపులా చివరంటా తిప్పి చూడాలి. ఎక్కడా పట్టకూడదు.

తాళాల పని చేసేవారి గురించి ఒక మాట. తెలంగాణ పట్టణాల్లో ఈ పనిలో సిక్లిగర్ సిక్కు కుటుంబాలు కనిపిస్తాయి. ఒకప్పుడు కత్తులు చేసి సానబట్టిన వంశాలు అవి. కంటిచూపుతోనే గాటు లోతు పట్టగల నేర్పు వారి చేతుల్లో ఉంది. కాని వారి దగ్గరికి మనం వెళ్లేది డూప్లికేట్ చాబీ కోసమే, తాళం విప్పి కుదిర్చే పని అడిగేవారు తక్కువ. అడగనిదే ఎవరూ రేకుల డబ్బా కొని పెట్టుకోరు. నల్లగొండ, సూర్యాపేట, జడ్చర్ల, మహబూబ్‌నగర్ స్పేర్‌పార్టుల వ్యాపారులు తాళంతోపాటు రేకుల పొట్లం కూడా తెప్పించి పెట్టాలి. ఐటీఐల్లో డీజిల్ మెకానిక్ ట్రేడు చెప్పే గురువులు ఒక పాత తాళాన్ని బల్ల మీద విప్పి, ఒక పూట పిల్లల చేత ఈ పని చేయించాలి. బత్తాయి లోడుతో ఢిల్లీ దాకా పోయే బండి యజమానులారా, వచ్చేసారి తాళం మొరాయిస్తే పాత చాబీ జేబులో పెట్టుకొని షాపుకు వెళ్లండి. పని మీ కళ్ల ముందే చేయించుకోండి, తీసిన రేకులు అడిగి తీసుకొని లెక్కపెట్టండి. ఎన్ని తీశాడో అన్ని తిరిగి వేశాడా అని చూసే హక్కు మీది.